పట్టా లేని నేలకు

భూగోళ పటంలో దక్షిణ అమెరికా ఖండం క్రిందికి దిగేకొద్దీ సన్నబడి, చిట్టచివరకు కొడవలి కొనవలె వంగి ముగుస్తుంది. ఆ కొనన ఉషువాయా అనే రేవుపట్టణం ఉన్నది, అర్జెంటీనా దేశానిది. అక్కడ ఓడ ఎక్కినవారు బీగిల్ జలసంధి దాటి, కేప్ హార్న్ అగ్రాన్ని కుడిచేతివైపు వదలి, డ్రేక్ మార్గంలో ప్రవేశిస్తారు. ఆపైన సుమారు రెండు దినాలపాటు నీరు తప్ప మరొకటి కంటికి ఆనదు. అంటార్కిటికా మారథాన్ పరుగుకు వెళ్ళేవారికి అదే దారి. గత మార్చి నెలలో నేనూ ఆ దారిన పోయి వచ్చాను.

పరుగు ఎట్లా సాగింది, ఎన్ని గంటలు పట్టింది, కాళ్ళు గడ్డకట్టలేదా అని కళాశాలలో అందరూ అడిగారు. అందరికీ చెప్పాను. చెప్పి చెప్పి నాకే విసుగు పుట్టిన కథను మళ్ళీ ఇక్కడ వ్రాయబోవడం లేదు. ఓడమీద రెండవనాడు ఏమి జరిగిందని మాత్రం ఎవరూ అడుగలేదు. ఈ వార్షిక సంచికలో నాకు దక్కిన నాలుగు పుటలను ఆ ఒక్క దినానికే కేటాయిస్తున్నాను.

నేను గుంటూరులో పాఠాలు చెప్పుకొని బ్రతికే మనిషిని. వయస్సు యాభై రెండు. నలభై మూడవ ఏట నెత్తురులో చక్కెర ఉన్నదని తేలితే వైద్యుడు నడవమన్నాడు. నడక కొన్నాళ్ళకు పరుగైంది. పరుగు కొన్నేళ్ళకు వ్యసనమైంది. 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరాన్ని మారథాన్ అంటారని విద్యార్థులకు తెలిసినదే. 1908 లండన్ ఒలింపిక్ క్రీడలలో ఆ కొలత ఏర్పడింది, 1921లో స్థిరపడింది. భూమి కొసన ఉన్న అంటార్కిటికాలోని కింగ్ జార్జ్ ద్వీపంలో ఈ పరుగును మొదటిసారి 1995లో నిర్వహించారు. మన తెలుగువారిలో హైదరాబాదుకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు ఏడు ఖండాలలోను మారథాన్ పరుగెత్తి గిన్నిస్ గ్రంథానికి ఎక్కినవారు. ఆ వార్త పత్రికలో చదివిననాడే నా బుర్రలో ఈ పురుగు దూరింది.

గుంటూరు మనిషి చలికి అలవాటు పడేదెట్లా? మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండ కాసే ఊరు మనది. దానికొక ఉపాయం దొరికింది. మిరపకాయల టిక్కీలను దాచే కోల్డ్ స్టోరేజీలు మన ఊరి చుట్టూ ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. నాకు తెలిసిన ఒక గిడ్డంగి యజమాని దయతలచి, సాయంకాలాలు లోపల గంటసేపు తిరుగనిచ్చాడు. ఉన్నిటోపీ, చేతిజోళ్ళు తొడుక్కొని, గోనెసంచుల వరుసల నడుమ సందులలో ముందుకూ వెనుకకూ పరుగెత్తేవాడిని. చలి కంటె ఘాటు ఎక్కువ. రెండు చుట్లు తిరిగేసరికి తుమ్ములు, దగ్గు, కళ్ళవెంట నీళ్ళు. హమాలీలు పని ఆపి, "సారుకు ఏదో మొక్కు ఉన్నట్టుంది" అని తమలో తాము అనుకొనేవారు. ప్రపంచంలో మరే పరుగుకాడైనా ధ్రువప్రాంతానికి ఇటువంటి శిక్షణ పొంది ఉంటాడని నేననుకోను.

ఇక డబ్బు మాట. ఇది చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

మాది దూదేకులవారి ఇల్లు. మా తాత భుజాన విల్లు తగిలించుకొని ఊరూరా తిరిగి, దూది ఏకి, పరుపులు కుట్టి, కూడబెట్టిన సొమ్ముతో తుళ్ళూరు మండలంలోని మా ఊళ్ళో ఒక ఎకరం మెట్ట కొన్నాడు. నల్లరేగడి. మా వంశంలో పట్టాదారు పాసుపుస్తకం మీద తన పేరు చూసుకొన్న మొదటివాడు మా నాయన. ఆ పుస్తకాన్ని ఇనుపపెట్టెలో, పెండ్లినాటి తలపాగా గుడ్డలో చుట్టి పెట్టుకొనేవాడు. 2015లో అమరావతి రాజధానికోసం 29 గ్రామాల రైతులు 33,000 ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చారు. అందులో నాయన ఎకరం ఒకటి. ఎకరం మెట్టకు ఏటా 30,000 రూపాయల కౌలు, అభివృద్ధి చేసిన తరువాత వెయ్యి గజాల నివాసస్థలం, దానితోపాటు కొంత వాణిజ్యస్థలం అని నిర్ణయమైంది. ప్లాట్లు లాటరీ తీసి పంచారు. మా పేరున వచ్చినది వేరొకచోట. నాయన చేను ఉన్న తావున రోడ్డు గీత పడింది. 2019లో పనులు నిలిచిపోయిన తరువాత అంతా కంపచెట్లు మొలిచాయి. ఆ కంపను చూస్తూనే 2021లో నాయన కన్నుమూశాడు. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఇచ్చినది ఆయన ఇష్టపడి ఇచ్చినదే. సంతకం చేసిననాడు ఊళ్ళో అందరికీ మిఠాయి పంచాడు.

నాయన తదనంతరం నాకూ అక్కకూ చెరిసగం వచ్చింది. నా సగంలో కొంత అమ్మి ఈ ప్రయాణానికి కట్టాను. సంగతి తెలిసిననాడు అక్క ఒకే ఒక మాట అన్నది.

"ఒరే, మట్టి అమ్మి మంచు కొంటావట్రా?"

ఆ తరువాత మూడు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. బయలుదేరేనాడు రైలుస్టేషనుకు రాలేదు. ఆమె కోపం డబ్బు గురించి కాదని నాకు తెలుసు. నేను అమ్మినది లాటరీలో వచ్చిన ప్లాటే గాని నాయన చేను కాదనే వాదం నా దగ్గర సిద్ధంగా ఉన్నది. వాదాలతో అక్కలు సమాధానపడతారా?

ఓడమీద రెండవనాటి ఉదయం కళ్ళు తెరిచేసరికి నేను మంచంమీద తలక్రిందుగా జారి ఉన్నాను. పత్తి లోడు లారీ గతుకుల రోడ్డుమీద పోతుంటే పైన కూర్చున్నవాడికి ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నది. నేనెరిగిన సముద్రం బాపట్ల దగ్గర సూర్యలంక తీరాన మోకాళ్ళవరకు వచ్చే సముద్రం. డ్రేక్ మార్గం దాని జాతి కాదు. ఆ అక్షాంశాలలో భూగోళం చుట్టూ గాలికి అడ్డుపడే నేల ఒక్క ముక్క కూడ లేదు. పడమట పుట్టిన గాలి ప్రపంచమంతా చుట్టి మళ్ళీ పడమటినుండే వస్తుంది. వరండాల పొడుగునా పట్టుకొని నడిచే కడ్డీలకు వాంతికాగితపు సంచులను వరుసగా గ్రుచ్చి ఉంచారు. మామిడాకుల తోరణంలాగా ఉన్నదని నాకు నవ్వు వచ్చింది. నవ్వు పూర్తి కాకముందే ఒక సంచి అవసరమైంది.

నా గదిలో సహవాసి కెనడా దేశస్థుడు, తపాలాశాఖలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. అరవై ఎనిమిదేళ్ళు. ఆరు ఖండాలు పరుగెత్తాడు, ఇది ఏడవది. ముప్పై ఏళ్ళు సంచి మోసి నడిచిన కాళ్ళు ఇవి, వీటికి ఇంట్లో కూర్చోవడం తెలియదు అని చెప్పాడు. చెవి వెనుక వాంతులకు మందుపట్టీ అంటించుకొని నిబ్బరంగా ఉన్నాడు. ఆయన చేయి పట్టుకొని భోజనశాలకు పోయాను. సగం కుర్చీలు ఖాళీ. ఉడికించిన బియ్యం కనిపించగానే మా ఇంటావిడ కట్టి ఇచ్చిన కరివేపాకు కారం సీసా తీశాను. రెండు ముద్దలు లోపలికి పోయేసరికి కడుపు నా మాట వినడం మొదలుపెట్టింది. కెనడా పెద్దమనిషి రుచి చూస్తానన్నాడు. వద్దన్నాను, వినలేదు. కళ్ళు తుడుచుకొంటూ చాలాసేపు కిటికీవైపు చూశాడు. మరునాడు ఉదయం ఆయనే సీసా అడిగి తీసుకొన్నాడన్నది వేరే సంగతి.

కిటికీ అవతల ఆల్బట్రాస్ పక్షి ఓడతోపాటు వస్తున్నది. దానిలో పెద్దజాతికి రెక్కలు చాస్తే మూడున్నర మీటర్లు ఉంటాయి. గంటసేపు చూశాను, రెక్క ఒక్కసారి ఆడించలేదు. గాలిమీద వాలి, అలను రాసుకొంటూ పోయి, మళ్ళీ లేస్తుంది. పరుగు నేర్చుకోదలచినవారు దానిని చూడవలెను. మేము మాత్రం నానా యాతన పడుతున్నాము. ఒక యువతి వ్యాయామశాలలో కదిలే పట్టీమీద పరుగెత్తబోయి, ఓడ ఒరిగినప్పుడల్లా గోడను కౌగలించుకొంటున్నది.

పదిగంటలకు ఉపన్యాసమన్నారు. పడిపోయేవారు పడిపోగా మిగిలిన అరవైమంది సభామందిరంలో చేరారు. ఉపన్యాసకుడు మాకు మార్గదర్శి. ఎన్నో ఏళ్ళుగా ఆ మంచులో తిరిగినవాడు. ముందుగా భయపెట్టే కథ చెప్పాడు. 2001లో గాలులవల్ల పరుగుకాండ్రు ఒడ్డుకు దిగలేకపోయారట. నాలుగు రోజులు కాదు, నాలుగు ఖండాలు దాటి వచ్చినవారు వట్టిచేతులతో తిరిగిపోతారా? ఓడ పైతట్టుమీదనే, వందల చుట్లు తిరిగి, మారథాన్ దూరం పూర్తిచేశారు. సభలో అందరూ నవ్వారు గాని ఆ నవ్వులో జీవం లేదు. ఎల్లుండి గాలి ఎట్లా ఉంటుందో తానూ చెప్పలేనని ముగించి, ఆయన పటం పరిచాడు.

కింగ్ జార్జ్ ద్వీపం. 1819లో విలియం స్మిత్ అనే ఆంగ్ల నావికుడు తన రాజు పేరు పెట్టాడు. ఈ ఒక్క ద్వీపంమీద మూడు దేశాలకు హక్కు ఉన్నదట: బ్రిటన్, చిలీ, అర్జెంటీనా. బ్రిటన్ 1908లోనే కాగితం పుట్టించింది. చిలీ 1940లో తనదన్నది. అర్జెంటీనా కూడ ఊరుకోలేదు. అంటే ఒకే సర్వే నెంబరుకు ముగ్గురు పట్టాదారులు! తుళ్ళూరు మండలం మనిషిని నేను. ఇది వినగానే సముద్రపు వికారం సగం దిగిపోయి నిటారుగా కూర్చున్నాను. మరి తీర్పు ఏమయింది? 1959 డిసెంబరు 1న వాషింగ్టన్ నగరంలో పన్నెండు దేశాలు ఒక ఒడంబడిక వ్రాసుకొన్నాయి. 1961 జూన్ 23 నుండి అది అమలులోకి వచ్చింది. దాని నాలుగవ అధికరణం చెప్పేదేమిటంటే, ఎవరి పట్టా చింపేది లేదు, ఎవరి పట్టామీదా ముద్ర వేసేది లేదు. ఒడంబడిక ఉన్నంతకాలం కొత్త హక్కు పుట్టదు, పాతహక్కు పెరగదు. మన కోర్టుభాషలో 'స్టేటస్ కో'. మన దగ్గర ఆ ఉత్తరువు వస్తే చేనికి కంప మొలుస్తుంది. అక్కడ ఆ ఉత్తరువు నీడన రష్యా, చిలీ, చైనా, ఉరుగ్వే పరిశోధనకేంద్రాలు పక్కపక్కన ఇండ్లు కట్టుకొని, ఒకరి ఇంటికి మరొకరు పోయి వస్తూ కాలం గడుపుతున్నాయి. మా పరుగుదారి ఆ ఇండ్ల నడుమనే.

మన దేశం ఆ ఒడంబడికలో 1983 ఆగస్టు 19న చేరింది. దానికి ముందే, 1981 డిసెంబరు 6న, గోవానుండి 21 మంది 'పోలార్ సర్కిల్' అనే నార్వే ఓడలో బయలుదేరి 1982 జనవరి 9న ఆ ఖండంమీద కాలుపెట్టారు. నాయకుడు సయ్యద్ జహూర్ ఖాసిం గారు. సముద్రశాస్త్రవేత్త, అలీగఢ్ విద్యార్థి, తరువాత 1989లో జామియా మిలియా ఇస్లామియా ఉపకులపతి అయినారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాయన అరుగుమీద కూర్చొని పత్రిక బిగ్గరగా చదవడం, చుట్టూ నలుగురు చేరి "అక్కడ పంటలేమి పండుతాయి?" అని అడగడం జ్ఞాపకమున్నది. ఏమీ పండవని నాయన చెప్పగా, "మరెందుకు పోయారు?" అన్నాడు ఒక రైతు. నాయన పత్రిక మళ్ళీ మొదటినుండి చదివాడు, జవాబు దొరుకుతుందేమోనని. ఇప్పుడు మన దేశానికి అక్కడ మైత్రి, భారతి అనే రెండు కేంద్రాలు ఉన్నాయి. మైత్రిలో భూమి కంపనాలను నమోదు చేసే పరికరాలను మన హైదరాబాదు భూభౌతిక పరిశోధనాసంస్థవారు నెలకొల్పారు. మాది ఆ స్థాయి యాత్ర కాదు. వారు ముప్పైనాలుగు దినాలు సముద్రంమీద ఉన్నారు. మేము రెండు దినాలకే సంచులు వెతుక్కొంటున్నాము.

ఉపన్యాసకుడు చివరగా పరుగుదారి ఛాయాచిత్రాలు చూపించాడు. నేను ముందుకు వంగి చూశాను. మంచు లేదు. ఎక్కడో కొండవాలున తెల్లగా ఉన్నదేగాని, దారి పొడుగునా గోధుమరంగు, నలుపు, నీళ్ళు నిలిచిన గుంటలు, చక్రాల జాడలు. వేసవి చివర మంచు కరిగి, బండ్లు తిరిగిన దారులన్నీ ఇట్లా అవుతాయట. ఇది ప్రధానంగా బురదలో పరుగు. మంచుమీది పరుగు అనుకొని వచ్చినవారు ఇప్పుడే మనసు మార్చుకొండి అన్నాడు ఆయన. అందరూ బూట్ల గురించి మాట్లాడుకోసాగారు. నాకు అక్క జ్ఞాపకం వచ్చింది.

మధ్యాహ్నం మూడుగంటలకు మా అంతస్తువారిని పిలిచారు. అంటార్కిటికాకు పోయే ప్రతి ఓడమీదా జరిగే తంతు ఇది. పైదుస్తులు, సంచులు, బూట్లు, టోపీలు అన్నీ తెచ్చి సభామందిరంలో పరచాలి. దుమ్ము పీల్చే యంత్రాలు, కుంచెలు, పటకారులు, పిన్నీసులు వరుసగా పెట్టి ఉంటాయి. బయటి విత్తనం గాని, మట్టి గాని, గడ్డిపరక గాని ఆ నేలకు చేరకూడదు. తినుబండారాల కాగితాలు ఒడ్డున పడకూడదు. ఒక్కసారి నూరుమందికి మించి దిగకూడదు. తిరిగివచ్చేటప్పుడు గులకరాయి కూడ జ్ఞాపకార్థం తెచ్చుకోకూడదు. నియమాల పట్టిక వింటూ ఉంటే మా నాయనమ్మ వంటింటి మడి జ్ఞాపకం వచ్చింది. దూదేకులవారి ఇంట మడి ఏమిటని చదువరులు అడుగవద్దు, ఆమె మడి ఆమెది.

నా వస్తువులు చూడడానికి వచ్చినది ఒక జీవశాస్త్ర విద్యార్థిని. మా కళాశాల చివరి సంవత్సరం పిల్లల వయస్సు ఉంటుంది. ముందుగా సంచి అతుకుపట్టీలలోనుండి తెల్లటి పోగు ఒకటి పటకారుతో లాగి వెలుతురులో పెట్టి చూసింది. పత్తి అన్నాను. రెండవది చలికోటు లోపలిజేబు కుట్టులో దొరికింది. చిన్నది, పసుపుపచ్చనిది, బల్లపరుపుగా గుండ్రనిది. ఆ అమ్మాయి ముఖం గంభీరమైంది. ఇదేమి విత్తనమని అడిగింది. ఆ జేబులో అది ఎట్లా చేరిందో నాకు తెలుసు. గిడ్డంగిలో పరుగెత్తిన కోటు అది.

"మిరప గింజ" అన్నాను.

దానిని ఆమె చిన్న గాజుడబ్బీలో వేసి మూతపెట్టిన తీరు చూస్తే గుంటూరు మిర్చియార్డులో ఎవరూ నమ్మరు. అక్కడ మనం నడిచేదే వాటిమీద. మిరప ఆ చలిలో మొలుస్తుందా అని నేను అడిగాను. ఇది మొలవకపోవచ్చు, కాని ఐరోపానుండి వచ్చిన ఒక మామూలు గడ్డి ఇదే కింగ్ జార్జ్ ద్వీపంలో మనుషుల కాళ్ళవెంట వచ్చి కాపురం పెట్టింది, దానిని పెరికివేయడానికి ఏళ్ళతరబడి పాటుపడుతున్నారు, అని ఆమె చెప్పింది. ఎవరూ స్వంతదారు కాని నేలను కాపాడడానికి ఇంతమంది ఇంత శ్రద్ధ చూపడం నాకు వింతగా తోచింది. మనకు గట్టు ఇవతలి గడ్డి మాత్రమే కనిపిస్తుంది.

అప్పుడు బూట్లు తిప్పింది.

ఇంటివద్ద రెండుసార్లు కడిగిన బూట్లు అవి. అయినా అడుగున పండ్లవంటి గాట్ల నడుమ, లోతున, నల్లగా గట్టిపడి ఉన్నది. నల్లరేగడి సంగతి మన ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. తడిసితే బంక, ఎండితే రాయి. ఆ మట్టి ఎక్కడిదో కూడ నాకు తెలుసు. ఆదివారాలు నేను ఊరికి పోయి, సగం వేసి వదిలిన రోడ్లమీద తెల్లవారుజామున పరుగెత్తేవాడిని. ఒక మలుపు దగ్గర రోడ్డు దిగి, కంపల మధ్య కాలిబాటన నూరు గజాలు పోయి తిరిగి వచ్చేవాడిని. గట్లు లేవు, గెనాలు లేవు, నాయన నాటిన వేపచెట్టు లేదు. కాని కాలువ తూము ఆనవాలుగా లెక్కపెట్టుకొంటే మా ఎకరం అక్కడే. 2024లో కంప కొట్టిన తరువాత ఆ తూమూ కనిపించలేదు. పాసుపుస్తకంలో ఉన్న నేల ఇప్పుడు ఎక్కడైనా ఉన్నదంటే నా బూటు అడుగున ఉన్నది.

అదంతా ఆ అమ్మాయికి చెప్పలేదు. ఏ భాషలో చెప్పేది? పిన్నీసు నా చేతికి ఇచ్చి, తానొక బూటు, నేనొక బూటు పట్టుకొని కూర్చున్నాము. ఓడ ఒరుగుతుంటే ఇద్దరమూ బల్లకు మోకాళ్ళు ఆనించుకొని గీకడం. రాయివలె ఉన్నది ఊడిరాక, తడిగుడ్డతో అద్దవలసి వచ్చింది. తడి తగలగానే వాసన లేచింది. తొలకరి వాసన. చుట్టూ సముద్రం, ఇంజను చమురు, వాంతిమందుల నడుమ ఆ వాసన రెండు నిమిషాలు నిలిచింది. ఆమె కూడ ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, మంచి నేల అన్నది. చిటికెడు మట్టిలో కంటికి కనిపించని ప్రాణులు కోట్లలో ఉంటాయని చెప్పి, గీకినదంతా పోగుచేసి యంత్రపు గొట్టం ముందు పెట్టింది. అర చెంచాడు ఉంటుందేమో. పోయింది.

చివరకు ఒక కాగితం ఇచ్చారు. నా దుస్తులలో, వస్తువులలో విత్తనములు గాని మట్టి గాని లేవని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను అని దాని సారాంశం. సంతకం పెట్టాను. నాయన అంగీకారపత్రంమీద సంతకం పెట్టిననాడు ప్రక్కన నిలబడి వేలితో చోటు చూపించినది నేనే. ఆయన అక్షరాలు విడివిడిగా, బడిపిల్లవాడిలాగా వ్రాసేవాడు. నాకు ఎందుకోగాని ఆనాడు నా సంతకం కూడ అట్లాగే వచ్చింది; ఓడ ఊగడంవల్ల కావచ్చు.

సాయంకాలం అయిదుగంటల వేళ ఉన్నట్టుండి చలి పెరిగి పొగమంచు కమ్మింది. ఉత్తరపు నీరు, దక్షిణపు చల్లనినీరు కలిసే రేఖను దాటుతున్నామని చెప్పారు. కొద్దిదూరంలోనే నీటి వేడిమి రెండు మూడు డిగ్రీలు పడిపోతుంది. అలలు కూడ కొంత అణిగాయి. పొగ విడిపోయేసరికి పైతట్టుమీద ఎవరో కేక పెట్టారు. మొదటి మంచుకొండ. అందరూ పరుగెత్తారు, వాంతులవారు కూడ లేచి వచ్చారు.

దానిని వర్ణించడానికి కవులు ఉన్నారు. నాకు మాత్రం మా ఇంటి వసారా కనిపించింది. తాత విల్లు నారిమీద కొడుపుతో కొట్టినప్పుడు ముద్దలుగా ఉన్న పత్తి విచ్చుకొని, ఎగిరి, మూలన రాశిగా పడేది. సాయంత్రపు ఎండ పడితే ఆ రాశి లోపల నీలిరంగు నీడలు ఉండేవి. ఆ నీలమే ఇక్కడ ఉన్నది. పిల్లలము దానిలో దూకబోతే తాత కసిరేవాడు, అది ఒకరి సొత్తురా అని. ఏకే దూది ఎప్పుడూ ఇతరులదే. దూదేకులవాడి ఇంట దూది ఒక్క పూటకన్న ఎక్కువ నిలువదు.

రాత్రి భోజనాల దగ్గర నాయకుడు వచ్చి, ఎల్లుండి గాలి ఇంకా తేలలేదన్నాడు. కెనడా పెద్దమనిషి పైతట్టు చుట్టుకొలత ఎంతో అడిగి, వేలితో బల్లమీద లెక్కలు వేసుకొని, మౌనంగా గదికి పోయాడు.

ఎనిమిదిన్నరకు నా ఫోను మ్రోగింది. మన ఊళ్ళో తెల్లవారుజామున అయిదుగంటలు; అక్క లేచే వేళ. ఉపగ్రహం ద్వారా వచ్చే పిలుపు కనుక ప్రతి మాటకూ నడుమ ఒక ఎడం ఉన్నది.

"ఏరా, బతికే ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"ఓడ బాగా ఊపిందంట గదా. మరదలు చెప్పింది."

"ఇప్పుడు తగ్గింది."

కొంతసేపు ఏమీ వినిపించలేదు. అవతల కోడి కూసింది. వేల కోసుల దూరాన మా ఊరి కోడి.

"మంచు కనబడిందా మరి?"

"ఒక గడ్డ కనబడింది. కాని అక్కా, పరుగు మంచుమీద కాదంట. బురదలోనంట."

"బురదా?"

"దారి పొడుగునా బురదే. ఫొటోలు చూపించారు."

అక్క నవ్వింది. మూడు నెలల తరువాత విన్న నవ్వు. "బురద కోసం అంత దూరం పోయావంట్రా! మన ఊళ్ళో కరువా?" అని మళ్ళీ నవ్వింది. నవ్వు ఆగిన తరువాత, అడుగనిదే నేను బూట్ల సంగతి చెప్పాను. ఆ మట్టి ఎక్కడిదో కూడ చెప్పాను. ఈసారి ఎడం ఉపగ్రహం వలన వచ్చినది కాదు.

"అంతా తీశావా?" అన్నది.

"అంతా తీశానక్కా."

"తీయకపోతే రానియ్యరు గదా." మరల కొంత ఆగి, "బురదలో మడమ ముందు పెట్టమాక. జారుద్ది. వేళ్ళు ముందు దిగెయ్యి, పట్టు చిక్కాక అడుగు మార్చు. నాట్లకు పొయ్యేటప్పుడు అమ్మ నాకట్లాగే చెప్పింది. నీకు చెప్పే పని పళ్ళేదు, నువ్వు బళ్ళో ఉన్నావు" అన్నది.

పాలవాడు వచ్చాడని పెట్టేసింది.

గదిలో కెనడా పెద్దమనిషి గురక పెడుతున్నాడు. నేను మేజోళ్ళు విప్పి, దీపం వేయకుండ, తివాచీమీద వట్టికాళ్ళతో నిలబడ్డాను. ఓడ ఒకవైపుకు ఒరిగినప్పుడు వేళ్ళు ముందు దిగవేసి చూశాను. మొదట రెండుసార్లు తూలి మంచం పట్టుకొన్నాను. మూడవసారి పట్టు చిక్కింది.